కస్టమ్స్ ఆమోదిత డిపో నడపడం ఎలా: దరఖాస్తు నుంచి వేలం దాకా

విదేశం నుంచి వచ్చిన కంటైనర్ ఓడ దిగినప్పటి నుంచి, సుంకం కట్టి యజమాని తీసుకెళ్లేదాకా ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి. ఆ చోటు రేవు యార్డు కావచ్చు. రేవు గోడ బయట, విశాఖపట్నంలోనో కృష్ణపట్నంలోనో ఉన్న కంటైనర్ ఫ్రైట్ స్టేషన్, అంటే సీఎఫ్‌ఎస్ కావచ్చు. సముద్రానికి దూరంగా, హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉన్నటువంటి ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపో, అంటే ఐసీడీ కావచ్చు. పేరు ఏదైనా అక్కడ సరుకును అట్టిపెట్టుకునే సంస్థను ఈ రంగంలో కస్టోడియన్ అంటారు.

ఈ వ్యాపారంలోకి వచ్చేవారిలో చాలామంది దీన్ని గోదాము వ్యాపారంగా చూస్తారు. స్థలం ఉంది, క్రేన్ ఉంది, అద్దె వస్తుంది అనుకుంటారు. కానీ మీ యార్డులో ఉన్న ప్రతి పెట్టెలోనూ ప్రభుత్వానికి రావలసిన సుంకం ఉంది. పెట్టె మాయమైతే ఆ సుంకం మీరు కట్టాలి. అందుకే ఈ పనిలో మొదట నేర్చుకోవలసింది ఎత్తడం, దించడం కాదు. ఏ నిమిషంలో అడిగినా ‘ఈ పెట్టె ఎక్కడుంది, ఎవరి ఉత్తర్వుతో కదిలింది’ అన్న ప్రశ్నకు కాగితంతో సహా జవాబు చెప్పగలగాలి. కింది అంచెలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ముందు చదవాల్సిన చట్టం

లాయరును పెట్టుకున్నా సరే, కస్టమ్స్ చట్టం, 1962లో కొన్ని సెక్షన్లు మీరే స్వయంగా చదవండి. సెక్షన్ 7 కింద ఐసీడీ లాంటి చోట్లను కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు నోటిఫై చేస్తుంది. సెక్షన్ 8 కింద కస్టమ్స్ కమిషనర్ సరుకు దించడానికి, ఎక్కించడానికి తగిన చోటును ఆమోదించి కస్టమ్స్ ఏరియా హద్దులు నిర్ణయిస్తారు. సెక్షన్ 45 మీ గురించే రాసింది. దిగుమతి సరుకు క్లియర్ అయ్యేదాకా కమిషనర్ ఆమోదించిన వ్యక్తి కస్టడీలోనే ఉండాలని, ఆ వ్యక్తి దాని రికార్డు ఉంచి ప్రతిని అధికారికి పంపాలని, అధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా సరుకును బయటికి పంపకూడదని అది చెబుతుంది. సరుకు దిగిన తర్వాత మీ కస్టడీలో దొంగతనానికి గురైతే సుంకం మీరు చెల్లించాలనీ అదే సెక్షన్ చెబుతుంది. సెక్షన్ 13 ప్రకారం ఆ సుంకం భారం దిగుమతిదారు మీద పడదు. ఈ రెండింటినీ కలిపి చదివితే మీ బాధ్యత ఎంతటిదో తెలుస్తుంది.

రోజువారీ పనికి అసలు ఆధారం 2009లో వచ్చిన హ్యాండ్లింగ్ ఆఫ్ కార్గో ఇన్ కస్టమ్స్ ఏరియాస్ రెగ్యులేషన్స్. వీటిలో 5వ నిబంధన మీ దగ్గర ఏమేమి ఉండాలో చెబుతుంది, 6వది మీరు ఏం చేయాలో, ఏం చేయకూడదో చెబుతుంది. ఈ రెండింటినీ తెలుగులోకి సరళంగా రాసి గేటు దగ్గర, యార్డు ఆఫీసులో అంటించాలని నా సలహా. ట్రెయిలర్ డ్రైవరుకూ, రాత్రి షిఫ్టు సూపర్‌వైజరుకూ అర్థం కాని నిబంధనను ఎవరూ పాటించలేరు.

మొదటి అంచె: స్థలం, అనుమతులు

కొత్త సీఎఫ్‌ఎస్ లేదా ఐసీడీ ప్రతిపాదన కేంద్ర ప్రభుత్వంలోని అంతర్ మంత్రిత్వ శాఖల కమిటీ పరిశీలనకు వెళ్తుంది. మార్గదర్శకాల ప్రకారం సీఎఫ్‌ఎస్‌కు కనీసం ఒక హెక్టారు, ఐసీడీకి నాలుగు హెక్టార్ల భూమి కావాలి. ఇది కాగితం మీద కనీసం మాత్రమే. ట్రెయిలర్లు మలుపు తిరగడానికి, ఖాళీ కంటైనర్లు పెట్టడానికి, తనిఖీకి విడిగా చోటు వదలడానికి ఒక హెక్టారు చాలా ఇరుకు. కమిటీ సమ్మతి పత్రం వచ్చాక నిర్మాణం మొదలుపెట్టి, అది పూర్తయ్యాక కమిషనర్ దగ్గర సెక్షన్ 8, సెక్షన్ 45 కింద ఆమోదాలు తీసుకోవాలి. ఐసీడీకి బోర్డు నోటిఫికేషన్ కూడా ఉండాలి. ఈ ఆమోదాలు చేతికి వచ్చేదాకా ఒక్క దిగుమతి పెట్టె కూడా లోపలికి రాకూడదు.

భూమి కొనకముందే మరో లెక్క వేసుకోండి. డైరెక్ట్ పోర్ట్ డెలివరీ విధానంలో నమ్మకమైన దిగుమతిదారులు సీఎఫ్‌ఎస్‌కు రాకుండా నేరుగా రేవు నుంచే కంటైనర్ తీసుకుపోతున్నారు. నిండు కంటైనర్లను ఉంచి అద్దె వసూలు చేయడం మీదే ఆధారపడే డిపోకు ముందు ముందు గడ్డుకాలమే. పలువురి సరుకు ఒకే పెట్టెలో వచ్చే ఎల్‌సీఎల్ పని, ఎగుమతి స్టఫింగ్ (సరుకును కంటైనర్‌లో నింపడం), రీఫర్ కంటైనర్లు (సరుకును చల్లగా ఉంచే పెట్టెలు), పెద్ద యంత్రాలు... వీటిలో మీ ప్రాంతానికి ఏది సరిపోతుందో చూడండి. గోదావరి జిల్లాల రొయ్యలు విశాఖ మీదుగా వెళ్తాయి కాబట్టి అక్కడ రీఫర్ ప్లగ్ పాయింట్లు, వాటికి జనరేటర్ బ్యాకప్ ఉన్న డిపోకు గిరాకీ ఉంటుంది. రీఫర్ పెట్టుకుంటే దాని ఉష్ణోగ్రతను షిఫ్టుకు ఇన్నిసార్లు నమోదు చేయాలన్న నియమం కూడా పెట్టుకోవాలి. సరుకు పాడైందని తగాదా వచ్చినప్పుడు ఆ పుస్తకమే మీకు సాక్ష్యం.

రెండో అంచె: యార్డు, గోదాము, గేటు

20 అడుగుల కంటైనర్ సరుకుతో కలిపి 30 టన్నుల దాకా తూగుతుంది. దాన్ని ఎత్తే రీచ్ స్టాకర్ ఒక్కటే దాదాపు 70 టన్నులు. పెట్టె ఎత్తిన సమయంలో బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. మామూలు తారు రోడ్డు ఒక్క వానాకాలంలో గుంటలు పడుతుంది. గుంటలో చక్రం దిగితే పెట్టె ఊగుతుంది, పక్క వరుస కదులుతుంది. అందుకే యార్డు పేవ్‌మెంటు మీద పొదుపు చేయకండి. మిగతావన్నీ తర్వాత బాగుచేసుకోవచ్చు గానీ, పనిచేస్తున్న యార్డును తవ్వి మళ్లీ వేయడం అంటే వ్యాపారం ఆపడమే.

నిబంధనలు అడిగే మిగతావి: ప్రహరీ గోడ, ఎలక్ట్రానిక్ వేబ్రిడ్జి, సరుకు ఎక్కడుందో చూపే కంప్యూటర్ వ్యవస్థ, కస్టమ్స్ వ్యవస్థతో భద్రమైన అనుసంధానం, అధికారులకు కార్యాలయం, వేలం నిర్వహణకు ఏర్పాట్లు, అనుమతి లేనివారు లోపలికి రాకుండా కట్టుదిట్టం. దిగుమతికి, ఎగుమతికి వేర్వేరు ప్రదేశాలు గుర్తించి ఉంచాలి. గోడలో, గేట్లలో మార్పు చేయాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. స్థలంలో ఒక మూలను మరొకరికి అద్దెకిద్దామన్న ఆలోచన వస్తే వెంటనే విరమించుకోండి. కమిషనర్ లిఖిత అనుమతి లేకుండా కస్టమ్స్ ఏరియాలో ఏ భాగాన్నీ లీజుకివ్వకూడదు, బదిలీ చేయకూడదు.

కోస్తాలో కట్టేవారు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలో ఏం జరిగిందో అక్కడివారికి చెప్పనక్కర్లేదు. ఖాళీ కంటైనర్ల ఎత్తైన వరుస తుపాను గాలికి నిలవదు. హెచ్చరిక రాగానే ఖాళీ పెట్టెల ఎత్తు తగ్గించడం, వరుసలను దగ్గరగా చేర్చి కట్టడం, క్రేన్లకు లంగరు వేయడం, సర్వర్ ప్రతిని వేరే ఊరికి పంపడం ఎవరి పనో పేర్లతో సహా రాసిపెట్టుకోండి.

మూడో అంచె: బాండు, బీమా, అధికారుల ఖర్చు

ఆమోదానికి ముందు కస్టమ్స్‌కు బాండు రాసివ్వాలి. మీ దగ్గర నిల్వ ఉండబోయే దిగుమతి సరుకు మీద సగటున ఎంత సుంకం ఉంటుందో దాని ఆధారంగా బాండు మొత్తం తేలుతుంది. ఆ సుంకంలో 10 శాతానికి బ్యాంకు గ్యారంటీ లేదా నగదు డిపాజిట్ ఇవ్వాలి. సగటు నిల్వ విలువకు తగ్గ బీమా కూడా చేయించాలి. బీమా పాలసీ తీసుకునేటప్పుడు అగ్ని, వరద, దొంగతనంతో పాటు తుపాను, మీ సిబ్బంది చేసే మోసం కూడా అందులోకి వస్తాయా అన్నది తప్పక చదవండి. యార్డు నిండినకొద్దీ ఈ మొత్తాలను సవరించుకోకపోతే ఆడిట్‌లో పట్టుబడేది ఇక్కడే.

డిపోలో నియమించిన కస్టమ్స్ అధికారుల జీతభత్యాలు మొదట్లో మీరే కట్టాలి. మొత్తం జీతంలో 185 శాతం చొప్పున ముందుగానే చెల్లించాలి. వరుసగా రెండేళ్లు నిర్ణీత స్థాయిలో పని జరిగితే మినహాయింపు కోరవచ్చు. ప్రాజెక్టు రిపోర్టులో ఈ ఖర్చును వేయనివారే ఎక్కువ.

నాలుగో అంచె: దిగుమతి పెట్టె వచ్చినప్పుడు

అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి నిదానంగా చెబుతాను.

ఓడ రాకముందే షిప్పింగ్ లైన్, అంటే ఓడ సంస్థ, ఇచ్చే మానిఫెస్టు (ఓడలోని సరుకు జాబితా) నుంచి మీ డిపోకు రాబోయే పెట్టెల జాబితా మీ కంప్యూటర్‌లోకి ఎక్కాలి. పెట్టె నంబరు, సైజు, సీలు నంబరు, ప్రమాదకర సరుకు ఉందా లేదా అన్నవి అందులో ఉండాలి. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చివరి అంకె ముందున్న వాటి నుంచి లెక్కకట్టి వచ్చే తనిఖీ అంకె. మీ సాఫ్ట్‌వేర్ ఆ లెక్క చేసి చూసేలా ఉంటే, గుమస్తా ఒక అంకె తప్పు కొట్టినప్పుడు అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఇంత చిన్న ఏర్పాటు ఎన్ని గంటల వెతుకులాటను తప్పిస్తుందో యార్డులో పనిచేసినవారికి తెలుసు.

రేవు గేటు నుంచి మీ గేటు దాకా పెట్టెను భద్రంగా తేవడం కూడా మీ బాధ్యతే. ప్రతి ట్రెయిలరుకు జీపీఎస్ పెట్టి, రేవు దాటిన సమయాన్నీ మీ గేటు చేరిన సమయాన్నీ పక్కపక్కన నమోదు చేయండి. అరగంట దారికి మూడు గంటలు పడితే కారణం డ్రైవరును అప్పుడే అడిగి రాసుకోవాలి. నెల తర్వాత అడిగితే కట్టుకథే వస్తుంది.

గేటు దగ్గర నంబరు సరిచూడాలి. సీలు నంబరు మానిఫెస్టుతో పోల్చాలి. సీలును చేత్తో లాగి, తిప్పి చూడాలి. తలుపు కీలుల బోల్టులు విప్పి మళ్లీ బిగించిన గుర్తులున్నాయేమో చూడాలి, ఎందుకంటే సీలు జోలికి పోకుండానే తలుపు ఊడదీసే దొంగలున్నారు. వేబ్రిడ్జి మీద తూచాలి. ఆరు వైపులా సొట్టలు, రంధ్రాలు చూసి ఫొటోలు తీయాలి. సీలు తెగి ఉన్నా, నంబరు తేడా ఉన్నా, బరువులో అనుమానం వచ్చినా పెట్టెను మామూలు వరుసలో పెట్టకండి. విడిగా నిలిపి, కస్టమ్స్ అధికారికీ షిప్పింగ్ లైన్‌కూ అప్పుడే రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల సమక్షంలో సర్వే చేయించి, కొత్త సీలు వేయించండి. ‘సరిగా ఉంది’ అని సంతకం పెట్టి లోపలికి తీసుకున్న మరుక్షణం నుంచి లోటు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు మీరే అవుతారు.

లోపల ప్రతి పెట్టెకూ వరుస, గడి, అంతస్తు చెప్పే చిరునామా ఉండాలి. రీచ్ స్టాకర్ డ్రైవరు కింద పెట్టెను తీయడానికి పైదాన్ని పక్కకు జరిపినా అది నమోదు కావాలి. షిఫ్టు మారేటప్పుడు కొన్ని వరుసలను కంప్యూటర్‌తో పోల్చి చూసే అలవాటు చేయండి. యార్డు మొత్తాన్ని ఏడాదికోసారి లెక్కపెడతామనే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. తేడా పుట్టిన రోజునే దొరికితే దాని కారణమూ దొరుకుతుంది.

తనిఖీకి ఉత్తర్వు వస్తే అధికారి, దిగుమతిదారు తరఫున వచ్చే కస్టమ్స్ బ్రోకర్ ఇద్దరూ ఉన్నప్పుడే సీలు కోయాలి. తర్వాత వేసిన కొత్త సీలు నంబరు అప్పుడే రికార్డులోకి ఎక్కాలి. ఎల్‌సీఎల్ పెట్టె అయితే సరుకును దించుతూ ఒక్కొక్కరి ప్యాకేజీలను మార్కులతో సహా టాలీ షీటులో రాయాలి. తక్కువ వచ్చినవి, ఎక్కువ వచ్చినవి, తడిసినవి, పగిలినవి ఆ షీటులోనే కనిపించాలి. హమాలీలు దించే వేగం కంటే టాలీ గుమస్తా రాసే వేగం తక్కువైతే ఇంకో గుమస్తాను పెట్టండి. అంతేగానీ సాయంత్రం కూర్చుని గుర్తుచేసుకుని రాయనివ్వకండి.

డెలివరీకి ముందు చూడవలసినవి నాలుగు. సరుకును వదలవచ్చని కస్టమ్స్ ఇచ్చిన అవుట్ ఆఫ్ ఛార్జ్ ఉత్తర్వును బ్రోకర్ తెచ్చిన ప్రింటు మీద కాదు, మీ సిస్టమ్‌లో వచ్చిన సందేశంతో సరిచూడాలి. షిప్పింగ్ లైన్ ఇచ్చిన డెలివరీ ఆర్డర్ గడువులో ఉందా, మీ చార్జీలు జమ అయ్యాయా, గేటు పాసులో రాసిన లారీ నంబరే వచ్చిందా అన్నవి మిగతా మూడు. డెలివరీ రాసే మనిషి, గేటు దగ్గర వదిలే మనిషి ఎప్పుడూ వేర్వేరుగా ఉండాలి. ‘సార్ ఇప్పుడే సంతకం పెడుతున్నారు, లారీ కదిలించండి’ అనే మాట ఎవరు చెప్పినా గేటు తెరవకూడదన్నది మీ సిబ్బందికి మొదటి రోజే చెప్పాలి. ఆ మాట విననందుకు గేటు గుమస్తా మీద ఒత్తిడి వస్తే యజమానిగా మీరు అతని పక్షాన నిలబడాలి.

ఎగుమతి

ఇది కాస్త తేలిక. షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కు దాఖలు చేసే ఎగుమతి పత్రం, లేని ఎగుమతి సరుకును లోపలికి రానివ్వకూడదు. సరుకు దిగాక లెక్క సరిచూసి, ఎగుమతికి అనుమతిస్తూ కస్టమ్స్ నుంచి లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ వచ్చాక స్టఫింగ్ పూర్తిచేసి సీలు వేస్తారు. 2016 జులై 1 నుంచి ఓడ ఎక్కే ప్రతి నిండు కంటైనర్‌కూ ధ్రువీకరించిన స్థూల బరువు చెప్పడం అంతర్జాతీయంగా తప్పనిసరి. గ్రానైట్ లాంటి సరుకు ఎక్కించేటప్పుడు బరువు ఒకే చోట పడకుండా దిమ్మలు, చెక్క ఆధారాలు వేయించాలి. ఆర్డరు రద్దయి సరుకు వెనక్కి వెళ్లాలన్నా కస్టమ్స్ అనుమతి కావాలి.

ప్రమాదకర సరుకు

2020 ఆగస్టు 4న బీరూట్ రేవు గోదాములో ఏళ్ల తరబడి పడివున్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ వెంటనే మన దేశంలోనూ వెతుకులాట మొదలైంది. చెన్నై సమీపంలోని మనలిలో ఒక సీఎఫ్‌ఎస్‌లో 37 కంటైనర్లలో దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఉన్నట్టు అప్పుడు అందరికీ తెలిసింది. అది 2015లో కస్టమ్స్ స్వాధీనం చేసుకున్న సరుకు. ఐదేళ్లు అక్కడే ఉండిపోయింది. చివరికి వేలం వేసి, కంటైనర్లను రోడ్డు మార్గంలో హైదరాబాద్‌కు తరలించారు.

ఆ సరుకు ఉన్నట్టు కస్టోడియన్‌కూ తెలుసు, కస్టమ్స్‌కూ తెలుసు. కేసు నడుస్తుండగా కాలం గడిచిపోయింది. అందువల్ల ప్రమాదకర సరుకు విషయంలో మీ బాధ్యత దాన్ని నమోదు చేయడంతో తీరదు. అలాంటి పెట్టెల జాబితాను, ఎన్ని రోజులుగా ఉన్నాయో చూపుతూ, ప్రతి నెలా కమిషనర్ కార్యాలయానికి రాతపూర్వకంగా పంపండి. సెక్షన్ 48 ప్రకారం ప్రమాదకర సరుకును, త్వరగా పాడయ్యే సరుకును, జంతువులను అధికారి అనుమతితో ఎప్పుడైనా అమ్మవచ్చు. 30 రోజులు ఆగనక్కర్లేదు. ఆ వెసులుబాటును వాడుకోండి.

నిల్వలో రసాయనాల తరగతులను కలపకూడదు. మంటను పెంచే ఆక్సిడైజర్ల దగ్గర ఇంధనాలు, నూనెలు, పత్తి ఉంచకూడదు. కాల్షియం కార్బైడ్ మీద నీళ్లు పడితే మండే స్వభావమున్న ఎసిటిలీన్ వాయువు పుడుతుంది కాబట్టి దాని దగ్గర మంటార్పడానికి నీటిని వాడకూడదు. పెట్టె మీద రంగు లేబుల్ చూసి తరగతి చెప్పగల మనిషి ప్రతి షిఫ్టులో ఒకరైనా ఉండాలి. సరుకుతో వచ్చే భద్రతా సమాచార పత్రం ప్రతిని గేటు దగ్గరే ఉంచండి, ఫైరింజన్ వచ్చినప్పుడు వాళ్లు మొదట అడిగేది అదే.

చార్జీలు, డెమరేజి

మీ రేట్లన్నీ కనిపించేలా బోర్డు మీద, ఆన్‌లైన్‌లో పెట్టండి. ఉచిత రోజులు ఎప్పటి నుంచి లెక్క, తనిఖీకి పెట్టె జరిపితే ఎంత, రాత్రి డెలివరీకి ఎంత అన్నవి ముందే తెలిస్తే సగం గొడవలు పుట్టవు.

కస్టమ్స్ ఆపిన సరుకు మీద అద్దె ఎవరు కట్టాలన్నది మాత్రం పాత తగాదా. 1995లో గ్రాండ్ స్లామ్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు, కస్టమ్స్ ఆపినందువల్ల ఆలస్యమైనా డెమరేజి, అంటే గడువు దాటి ఉన్న సరుకు మీద వేసే రుసుము, వసూలు చేసుకునే హక్కు కస్టోడియన్‌కు ఉందని తీర్పిచ్చింది. 2009 నిబంధనలేమో స్వాధీనం చేసుకున్న, ఆపిన, జప్తు చేసిన సరుకు మీద అద్దె, డెమరేజి వేయకూడదంటాయి. అయితే అది అమల్లో ఉన్న ఇతర చట్టాలకు లోబడి అని కూడా అంటాయి. సరుకును కస్టమ్సే ఆపిందని చెప్పే డిటెన్షన్ సర్టిఫికెట్‌ను దిగుమతిదారు తెస్తే దాన్ని తిరస్కరించి కోర్టు మెట్లెక్కడం కంటే, ఏయే తేదీలకు అది వర్తిస్తుందో చూసి ఆ మేరకు బిల్లు సవరించడమే మేలని నా అభిప్రాయం. తప్పు లేకుండా చిక్కుకున్న చిన్న వ్యాపారికి డెమరేజి బిల్లు సరుకు విలువను మించిపోతుంది. అతను సరుకు వదిలేస్తే మీకు మిగిలేది ఖాళీ కాని ఒక పెట్టె మాత్రమే.

ఎవరూ తీసుకెళ్లని సరుకు

సరుకు దిగిన 30 రోజుల్లోగా క్లియర్ కాకపోతే, దిగుమతిదారుకు నోటీసిచ్చి, అధికారి అనుమతితో మీరు దాన్ని అమ్మవచ్చు. నిబంధనల ప్రకారం, వచ్చిన 90 రోజుల్లోగా ఇలాంటి సరుకును వదిలించుకోవలసిన బాధ్యత కూడా మీదే. గడువు చాలకపోతే కమిషనర్‌ను పొడిగింపు కోరాలి. కాబట్టి 31వ రోజునే మీ సిస్టమ్ ఆ పెట్టెను ఎర్ర జాబితాలోకి తేవాలి. నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, తిరిగొచ్చిన కవరు కూడా దాచండి. చిరునామా తప్పైతే షిప్పింగ్ లైన్‌నూ అడగండి.

తర్వాత జాబితాను కస్టమ్స్‌కు ఇచ్చి, ఏదైనా కేసు, కోర్టు ఉత్తర్వు ఉన్న పెట్టెలను వేరుచేయించాలి. మిగతావాటిని తెరిచి, సరుకు వివరాలు రాసి, విలువ కట్టించి, ప్రభుత్వం సూచించిన పద్ధతిలో ఈ-వేలం వేయాలి. ఆహారం, మందులు, పాత టైర్లు, వ్యర్థాల వంటివాటికి సంబంధిత శాఖల అనుమతి లేకుండా అమ్మకూడదు. వాడకానికి పనికిరానివాటిని నాశనం చేయడానికి అయ్యే ఖర్చును కూడా మీ ఏడాది బడ్జెట్‌లో వేసుకోండి.

వచ్చిన డబ్బును పంచే వరుసను సెక్షన్ 150 చెబుతుంది. ముందు అమ్మకం ఖర్చులు, ఆ తర్వాత రవాణా సంస్థ నోటీసిచ్చి ఉంటే దానికి రావలసిన సరుకు రవాణా చార్జీలు, ఆపైన సుంకం. మీ కస్టడీ చార్జీల వంతు సుంకం తర్వాతే వస్తుంది. ఆ తర్వాత కస్టమ్స్ చట్టాల కింద ప్రభుత్వానికి రావలసిన ఇతర బకాయిలు పోగా మిగిలింది యజమానికి. తక్కువ విలువ సరుకు విషయంలో మీ వంతు వచ్చేసరికి ఏమీ మిగలకపోవచ్చు. వేలం పూర్తయ్యాక ప్రతి పెట్టెకూ ఈ లెక్కను ఒక పేజీలో రాసి ఫైలులో పెట్టండి, ఖాళీ కంటైనర్‌ను షిప్పింగ్ లైన్‌కు అప్పగించి రసీదు తీసుకోండి, అప్పుడే ఆ నంబరును రిజిస్టరులో మూసేయండి.